రసెల్ మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

బోస్టన్ సెల్టిక్స్ జట్టుకు ఆడిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు బిల్ రసెల్ మీద నువ్వు రాసి పంపిన నివాళి వ్యాసం చదివాను. కాలేజీ టీమ్‌లో ఆడినదానివి, ఆట తెలిసినదానివి. ఆ సంగతి పేరా పేరాకీ కనిపిస్తోంది. వాక్యం కూడా సాఫీగా నడుస్తోంది. అయినా దీన్ని ఇప్పుడే పత్రికకు పంపొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదువు.

నీ వ్యాసంలో రసెల్ అందరికీ నచ్చే మనిషి. పెద్దగా నవ్వుతాడు, పదమూడు సీజన్లలో 11 ఛాంపియన్‌షిప్‌లు గెలుస్తాడు, 2011లో ఒబామా చేతుల మీదుగా అమెరికా అత్యున్నత పౌర పురస్కారం అందుకుంటాడు, 2013లో బోస్టన్ సిటీ హాల్ ముందు కంచు విగ్రహమవుతాడు, 2022 జులై 31న 88 ఏళ్ళ వయసులో కన్నుమూస్తాడు. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో ఒకచోట ‘బోస్టన్ ముద్దుబిడ్డ’ అని రాశావు చూడు, అక్కడ నా మనసు చివుక్కుమంది. ఆ ఊరితో ఆయనకు ఉన్న సంబంధం అలాంటిది కాదమ్మా. ఆడినన్నాళ్ళూ ఆ ఊరు ఆయన్ని అవమానించింది, ఆయన ఊరుకోలేదు. రకరకాల జాత్యహంకారం దొరికే పాత సామాన్ల సంతతో బోస్టన్‌ను పోల్చాడు. ఆట మానేశాక దేశానికి అవతలి చివర, సియాటిల్ పక్కనున్న మెర్సర్ ఐలాండ్‌లో స్థిరపడ్డాడు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలే చెప్పాలన్నది మన సంస్కారం. సంతాపసభలో మైకు ముందు నిలబడితే అది సరిపోతుంది. రాతలో మాత్రం దానివల్ల ఒక అన్యాయం జరుగుతుంది. మనిషి బతికుండగా దేనికోసం పోట్లాడాడో, దేనికి ససేమిరా అన్నాడో అదంతా పక్కకు పోయి, పొగడ్తకు పనికొచ్చే ముక్క మాత్రం మిగులుతుంది. రసెల్ గొప్పతనమంతా ఆయన ఆపినవాటిలో, ఒప్పుకోనివాటిలో ఉంది. కోర్టులో బంతిని ఆపాడు. కోర్టు బయట అవమానానికి ఒప్పుకోలేదు. అవి రెండూ లేకుండా రాస్తే అది రసెల్ మీద రాసిన వ్యాసం అవ్వదు.

ముందు ఆట సంగతి. ‘చరిత్రలో అత్యధిక బ్లాకులు చేసిన ఆటగాడు’ అని రాశావు. (బ్లాకంటే ఎదుటివాడు వేసిన షాట్‌ను గాల్లోనే ఆపడమని పాఠకుడికి ముందే చెప్పాలి.) ఆ వాక్యం కొట్టెయ్. నిజం కావచ్చు, కానీ రుజువు చెయ్యడం ఎవరివల్లా కాదు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బ్లాకుల్ని అధికారికంగా లెక్కపెట్టడం మొదలైందే 1973-74 సీజన్లో. రసెల్ చివరి ఆట 1969 మే 5న అయిపోయింది. అంటే ఆయన ఏ పనికి పేరుపడ్డాడో ఆ పనికి రికార్డు పుస్తకంలో ఒక్క అంకె కూడా లేదు. రీబౌండ్లకు, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడానికి, ఉంది. మొత్తం 21,620, ఆటకు సగటున 22.5. పాయింట్లకు ఉంది, సగటున 15.1, అదేమంత గొప్ప అంకె కాదు. బ్లాకుల దగ్గర ఖాళీ. ఆ ఖాళీని నువ్వు విశేషణాలతో నింపబోయావు: అసాధారణం, అద్వితీయం, అమోఘం. ఒకే వాక్యంలో మూడూ ఉన్నాయి. వాటిని చదివినవాడికి ఆయన ఏం చేశాడో తెలియదు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఆయన ఆ పని ఎలా చేశాడో చూపించడం.

ఎలా చేశాడు? ఆ రోజుల్లో డిఫెన్స్ ఆడేవాడు కాళ్ళు నేలమీదే ఉంచాలని కోచ్‌లు నేర్పేవాళ్ళు. రసెల్ ఎగిరాడు. ఆరడుగుల పది అంగుళాల మనిషి, శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీలో చదివేటప్పుడే హైజంప్‌లో ప్రపంచస్థాయి ఎత్తులు దాటినవాడు. పైగా ఎడమచేతివాటం. ఎదుటివాడు కుడిచేత్తో షూట్ చేస్తుంటే, ముఖాముఖి నిలబడ్డ రసెల్ ఎడమచెయ్యి సరిగ్గా బంతి లేచే వైపే ఉంటుంది. ఇది నీకు తెలుసు, నువ్వు ఆడావు. మన పాఠకుల్లో ఎక్కువమందికి తెలియదు, వాళ్ళకు ఇలా విడమరిచి చెప్పాలి.

ఇక అసలు విషయం. చాలామంది బ్లాక్ చేసేటప్పుడు బంతిని ప్రేక్షకుల్లోకి బాదేస్తారు. చప్పట్లు పడతాయి, కానీ బంతి మళ్ళీ అవతలి టీమ్‌కే వెళ్తుంది. రసెల్ అలా బాదేవాడు కాదు. వేళ్ళతో తట్టి కోర్టులోనే, వీలైతే తనవాళ్ళ చేతుల్లోనే పడేట్టు చూసేవాడు. అది సహచరుడు బాబ్ కూజీకి అందిందా, ఫాస్ట్ బ్రేక్ మొదలైనట్టే. షాట్ వేసినవాడు వెనక్కి తిరిగి పరుగెత్తేలోపు రెండో వైపు బాస్కెట్ పడిపోయేది. సెల్టిక్స్ దాడి రసెల్ చేతివేళ్ళ దగ్గర మొదలయ్యేదని నువ్వు రాస్తే, దానికి మూడు విశేషణాలు అక్కర్లేదు. ఇంకోటి కూడా ఉంది, అది రాయడం ఇంకా కష్టం. ఆయన ముట్టుకోని షాట్లు. రసెల్ దగ్గర్లో ఉన్నాడని తెలిసి ఆటగాడు వెయ్యాల్సిన షాట్ మానేస్తాడు, లేదా తొందరపడతాడు, లేదా బంతిని మరీ ఎత్తుకు లేపి గురి తప్పుతాడు. కవర్స్‌లో మంచి ఫీల్డర్ ఉన్నాడని బ్యాట్స్‌మన్ తియ్యకుండా వదిలేసిన పరుగులాంటిది అది. స్కోర్‌బోర్డు మీద ఎక్కడా పడదు.

నీ వ్యాసంలో లేనిది, తప్పకుండా ఉండాల్సినది ఒకటి చెప్తాను. 1961-62 సీజన్ తీసుకో. ఆ ఏడాది రసెల్ ప్రత్యర్థి విల్ట్ చాంబర్లెయిన్ ఆటకు సగటున 50.4 పాయింట్లు చేశాడు. మార్చి 2న పెన్సిల్వేనియాలోని హర్షీ అనే చిన్న ఊళ్ళో ఒక్క ఆటలో 100 పాయింట్లు చేశాడు. ఇవాళ్టికీ దాన్ని ఎవరూ అందుకోలేదు. మరి ఆ సీజన్ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, ఎవరు? రసెల్. అప్పట్లో ఎంవీపీకి ఓటేసేది ఆటగాళ్ళు. అదే ఏడాది అత్యుత్తమ ఐదుగురి జట్టును ఎంచింది పత్రికలవాళ్ళు, వాళ్ళు సెంటర్‌గా చాంబర్లెయిన్‌ను పెట్టి రసెల్‌ను రెండో జట్టులోకి దించారు. 1958లోనూ 1961లోనూ కూడా ఇంతే. ఎంవీపీ ఆయనే, మొదటి జట్టులో మాత్రం ఆయన లేడు. ఆయనకెదురుగా నిలబడి, షాట్ వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్ళకు ఆయన విలువ తెలిసింది. ప్రెస్ గ్యాలరీలో కూర్చుని పాయింట్లు రాసుకున్నవాళ్ళకు తెలియలేదు. మనం కూర్చునేది ఆ గ్యాలరీలోనే అమ్మా. అందుకే ఈ విషయంలో నాకంత పట్టింపు.

అలాగని చాంబర్లెయిన్‌ను తగ్గించి రాయకు. ఒకరిని పొగడాలంటే ఇంకొకరిని తక్కువ చెయ్యాలన్న అలవాటు మన సినిమా అభిమానుల దగ్గర్నుంచి మనకు అంటుకుంది. సగటున 50 పాయింట్లు చేసిన మనిషిని ఓడించాడు కాబట్టే రసెల్ రసెల్ అయ్యాడు.

ఫైనల్స్ ఎంవీపీ గెలిచాడని రాశావు, అది తప్పు. ఆ పురస్కారం 1969లో, ఆయన ఆఖరి ఏడాదిలో మొదలైంది. అది కూడా ఫైనల్స్‌లో ఓడిపోయిన లేకర్స్ జట్టు ఆటగాడు జెర్రీ వెస్ట్‌కు వెళ్ళింది. రసెల్ పేరు దానికి పెట్టింది 2009లో. ఇలాంటివి అచ్చయ్యాక ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు మిగతా వ్యాసం మీద కూడా నమ్మకం పోతుంది.

బాల్యం మీద నువ్వు రాసిన రెండు పేజీల్లో పేదరికం గురించే ఎక్కువ ఉంది. పేదరికం ఎవరి జీవితంలోనైనా ఒకేలా వినిపిస్తుంది, అందుకని దాన్ని తగ్గించు. 1934లో లూసియానాలోని మన్రో ప్రాంతంలో పుట్టాడు. అక్కడ వాళ్ళమ్మ కేటీ ఒకరోజు మంచి బట్టలు వేసుకుని బయటికెళ్తే, అవి తెల్లవాళ్ళ ఆడవాళ్ళు వేసుకునేవని, ఇంటికెళ్ళి విప్పెయ్యమని పోలీసు గద్దించాడు. ఆమె ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఇది ఒక్కటి రాయి. తర్వాత కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కు వలసపోయింది, ఆయనకు పన్నెండేళ్ళప్పుడు ఆ తల్లి చనిపోయింది. ఇవి రెండూ పక్కపక్కన పెట్టి, నీ సొంత వ్యాఖ్య ఏమీ కలపకుండా ముందుకు సాగు.

ఇప్పుడు నువ్వు ‘జాతి వివక్షను సైతం ధైర్యంగా ఎదుర్కొన్నాడు’ అని ఒకే వాక్యంలో దాటేసిన చోటికి వద్దాం. వ్యాసం మొత్తంలో నాకు బాగా లోటనిపించింది ఇక్కడే. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం చేశారు?

1961 అక్టోబరు, కెంటకీలోని లెక్సింగ్టన్. సెల్టిక్స్ అక్కడ ప్రదర్శన ఆట ఆడాలి. హోటల్ కాఫీ షాపులో రసెల్ సహచరులు సామ్ జోన్స్, శాచ్ శాండర్స్ తినడానికి కూర్చుంటే, నల్లవాళ్ళకు వడ్డించం అన్నారు. రసెల్‌కు తెలిసింది. ఆయన, మిగతా నల్లజాతి సహచరులు ఆట ఆడకుండా విమానమెక్కి ఇంటికెళ్ళిపోయారు. తెల్లవాళ్ళు ఆడారు. ఆ ఆట ఆడకపోవడం ఎంత పెద్ద విషయమో ఊహించు. అప్పటికే ఎన్నో ట్రోఫీలు గెలిచిన మనిషి, ఎవరూ నిలదియ్యరు కదా అని సర్దుకుపోవచ్చు. పైగా ఆయన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు, అవమానం జరిగింది పక్కవాళ్ళకు. అయినా వెళ్ళిపోయాడు. కోర్టులో ఐదుగురి కోసం నిలబడ్డ మనిషి కాఫీ షాపు దగ్గర కూడా అలాగే నిలబడ్డాడని నాకనిపిస్తుంది.

బోస్టన్ దగ్గరి రెడింగ్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుంటే దొంగతనంగా దూరి, ట్రోఫీలు పగలగొట్టి, గోడల మీద బూతులు రాసి, ఆయన పడకమీద మలం పోసి పోయారు. ఆయన కూతురు కరెన్ 1987లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ సంగతి రాసింది. చదువుతుంటే ఇవాళ్టికీ కడుపులో తిప్పుతుంది. దీన్ని ‘అవమానాలు ఎదురయ్యాయి’ అని రాస్తే, ఆ పని చేసినవాళ్ళకు మనం సాయం చేసినట్టే. ఉన్నది ఉన్నట్టు రాయి. పాఠకులకు ఇబ్బందిగా ఉంటుందని భయపడకు. ఉండాలి కూడా.

ఆటోగ్రాఫులు ఇచ్చేవాడు కాదన్న విషయం నీకు తెలుసు, మనం మాట్లాడుకున్నాం కూడా. వ్యాసంలో మాత్రం వదిలేశావు. ఎందుకు? పొగరుబోతు అనుకుంటారనా? అప్పటి పత్రికలు అలాగే అన్నాయి. ఎఫ్‌బీఐ ఆయన మీద పెట్టిన ఫైల్లో కూడా తెల్ల పిల్లలకు ఆటోగ్రాఫ్ ఇవ్వని అహంకారి అని రాసుకున్నారు. సంతకం అడిగినవాళ్ళకు ఆయన కరచాలనం ఇస్తాననేవాడు, కూర్చుని మాట్లాడుకుందామనేవాడు. కాగితం మీద గీత గీసి పంపించడం ఆయనకు మనిషిని కలిసినట్టు అనిపించలేదు. ఇది నువ్వు రాయి, పొగరో కాదో చదివినవాళ్ళు తేల్చుకుంటారు.

1966లో సెల్టిక్స్ ఆయన్ని ఆటగాడు-కోచ్‌గా చేసింది. ఎన్‌బీఏలో మొట్టమొదటి నల్లజాతి కోచ్ ఆయనే. విలేఖరుల సమావేశంలో, తెల్ల ఆటగాళ్ళ పట్ల వివక్ష చూపకుండా కోచింగ్ చెయ్యగలరా అని అడిగారు. చెయ్యగలనని, ఆటలో మనిషి ప్రతిభనే గౌరవిస్తామని జవాబిచ్చాడు. మొదటి ఏడాది చాంబర్లెయిన్ ఉన్న ఫిలడెల్ఫియా చేతిలో ఓడాడు. తర్వాత రెండేళ్ళూ, 1968లోనూ 1969లోనూ గెలిచాడు. 11లో ఆ రెండు ఆయనే కోచ్‌గా గెలిచినవని నువ్వు చెప్పనేలేదు! 1963లో పౌరహక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ ప్రదర్శనకు వెళ్ళడం, 1967లో క్లీవ్‌లాండ్‌లో, సైన్యంలో చేరనన్న బాక్సర్ మహమ్మద్ అలీకి అండగా కూర్చోవడం నువ్వు బాగానే రాశావు, వాటిని ముట్టుకోకు.

1972 మార్చిలో సెల్టిక్స్ సొంత స్టేడియం బోస్టన్ గార్డెన్ కప్పుకు, ఆ నంబరు ఇక ఆ టీమ్‌లో ఎవరికీ ఇవ్వమన్న గౌరవంగా, ఆయన 6వ నంబరు జెర్సీ ఎత్తారు. ప్రేక్షకులెవరూ లోపలికి రాకముందే జరగాలని పట్టుబట్టి, కొద్దిమంది సహచరుల ముందు మాత్రమే ఒప్పుకున్నాడు. తను ఆడింది సహచరుల కోసమని, ఆ ఊరి కోసం కాదని ఆయన అభిప్రాయం. 1975లో గొప్ప ఆటగాళ్ళను గౌరవించే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, వెళ్ళలేదు. ఆటగాడిగా అక్కడ చేరిన మొదటి నల్లజాతివాడు తనే కావడం ఆయనకు నచ్చలేదు, తనకంటే ముందువాళ్ళు ఉన్నారు కదా అని. అందులో చేరినవాళ్ళకిచ్చే ఉంగరం ఆయన తీసుకున్నది 2019 నవంబరులో. అదే ఏడాది చక్ కూపర్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 1950లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేచోట, ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు కూపర్. ఆయన చేరాకే రసెల్ ఉంగరం వేలికి పెట్టుకున్నాడు. 44 ఏళ్ళు పట్టిన మాట ఇది. నీ వ్యాసంలో ఇది ‘2019లో మరో గౌరవం దక్కింది’ అని ఉంది. అక్కడ ఆగి, కనీసం ఒక పేరా రాయమ్మా. ఆయన ఎంత పట్టుదల మనిషో దీనికంటే బాగా చెప్పే సంగతి నాకు తెలియదు.

కోపం ఒక్కటే ఉన్న మనిషి కాదు. పెద్ద ఆటల ముందు టెన్షన్‌తో డ్రెస్సింగ్ రూమ్‌లో వాంతి చేసుకునేవాడు. ఆ చప్పుడు వినబడితే సహచరులు హమ్మయ్య అనుకునేవాళ్ళు, ఈ రోజు బాగా ఆడతాడని. చాంబర్లెయిన్‌తో స్నేహం ఇంకో పెద్ద కథ. ఫిలడెల్ఫియాలో వాళ్ళింట్లో థాంక్స్‌గివింగ్ భోజనం చేసి, ఆ రాత్రే కోర్టులో ఆయన మీదికి ఎగిరేవాడు. 1969 ఫైనల్స్ ఏడో ఆటలో, అప్పటికి లేకర్స్‌కు ఆడుతున్న చాంబర్లెయిన్ మోకాలి నొప్పితో బయటికొచ్చాడు, ఆయన కోచ్ మళ్ళీ లోపలికి పంపలేదు. సెల్టిక్స్ 108-106తో గెలిచింది. ఆ తర్వాత రసెల్ బహిరంగంగా ఆయన్ని తప్పుపట్టాడు. అది పెద్ద మాట, అన్యాయమైన మాట. ఇద్దరి మధ్యా సుమారు ఇరవై ఏళ్ళు మాటల్లేవు. చివరికి రసెల్ క్షమాపణ చెప్పుకున్నాడు. 1999 మేలో బోస్టన్‌లో మళ్ళీ ఒకసారి, ఈసారి నిండు జనం ముందు, రసెల్‌ను సన్మానిస్తే చాంబర్లెయిన్ వచ్చి కూర్చున్నాడు. లేచి నిలబడి ఎంతకీ ఆపకుండా చప్పట్లు కొట్టిన ఆ జనాన్ని చూసి రసెల్ ఏడ్చాడు. ఆ అక్టోబరులోనే చాంబర్లెయిన్ పోయాడు, సంస్మరణ సభలో రసెల్ మాట్లాడాడు.

చూశావా, చివరికి బోస్టన్‌తో సయోధ్య కూడా వచ్చింది. కానీ 1972 నాటి ఖాళీ గార్డెన్ రాస్తేనే 1999 నాటి కన్నీళ్ళకు అర్థం ఉంటుంది. నువ్వు మొదటిది వదిలేసి రెండోది రాశావు. అందుకే అది సన్మానసభ వార్తలా ఉంది. రసెల్ చేసిన తప్పును కూడా రాయి. పోయినవాళ్ళను తక్కువ చేసినట్టు కాదది. స్నేహితుణ్ణి నొప్పించి, ఆ తర్వాత క్షమించమని అడిగిన మనిషి మీద గౌరవం పెరుగుతుంది తప్ప తరగదు.

ఆఖరి పేరా మొత్తం తీసెయ్. తీరని లోటు, చెరగని ముద్ర, గుండెల్లో చిరంజీవి... ఇవి ఎవరు పోయినా రాసే మాటలు. ఆ పేరాలో రసెల్ పేరు తీసి ఇంకెవరి పేరు పెట్టినా అతుకుతుంది. నాకైతే 2022 ఆగస్టు నిర్ణయం దగ్గర ముగించడం బాగుంటుందనిపిస్తోంది. ఆయన పోయిన కొద్దిరోజులకే ఎన్‌బీఏ 6వ నంబరును లీగ్ మొత్తానికీ తీసేసింది. అప్పటికే వేసుకుంటున్నవాళ్ళు ఉంచుకోవచ్చు, కొత్తగా ఏ టీమ్‌లోనూ ఎవరికీ ఇవ్వరు. ఎన్‌బీఏలో అలాంటి గౌరవం అంతకుముందు ఏ ఆటగాడికీ దక్కలేదు. అంతవరకు చెప్పి ఆపేస్తే చాలు.

మళ్ళీ రాయడానికి కూర్చునే ముందు ఒక పని చెయ్యి. ఆ కాలం ఆటల వీడియోలు, నలుపు తెలుపువి, మసగ్గా ఉన్నవి, దొరికినన్ని చూడు. బంతిని చూడకు, రసెల్‌ను చూడు. బంతి ఆయన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడు, ఎటు అడుగేస్తున్నాడు, ఎదుటివాడు ఏ షాట్ మానుకున్నాడు, ఇవన్నీ కాగితం మీద రాసుకో. ఆ నోట్సు నాకూ పంపు. వ్యాసం వచ్చే ఆదివారంలోగా వస్తే సంపాదకుడితో నేను మాట్లాడతాను. నిడివి పెరిగినా ఫర్వాలేదు, చోటు గురించి నేను అడుగుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు